ఎస్సెమ్మెస్ డబ్బు ఎవరి జేబులోకి పోయింది?

వాదానికి పెట్టుకున్న అంశం ఒక్క వాక్యం: "మొబైల్ ఆపరేటర్ల ఎస్సెమ్మెస్ ఆదాయాన్ని మెసేజింగ్ యాప్‌లు కాజేశాయి." ఔనని వాదించేది మేనమామ. ఒక ఆపరేటర్ దగ్గర చార్జీలు ఖరారు చేసే విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. కాదని వాదించేది మేనకోడలు. కంపెనీల తరఫున జనం ఫోన్లకు ఓటీపీలు పంపే సాఫ్ట్‌వేర్ రాస్తుంది. అంటే ఆమె పనిచేసే చోటు ఇప్పటికీ ఆపరేటర్లకు ఎస్సెమ్మెస్ బిల్లు కడుతూనే ఉంటుంది. ఇద్దరూ లెక్కల మనుషులే కాబట్టి గొంతు పెంచడం తక్కువ, అంకెలు విసురుకోవడం ఎక్కువ.

మామయ్య: ముందు నేను చెప్తా. 1992 డిసెంబర్ 3న నీల్ పాప్‌వర్త్ అనే ఇంజినీరు వొడాఫోన్ నెట్‌వర్క్ మీద "మెర్రీ క్రిస్మస్" అని మొదటి ఎస్సెమ్మెస్ పంపాడు. తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు మా వ్యాపారంలో అంత సుఖంగా డబ్బు తెచ్చిన సర్వీసు ఇంకోటి లేదు. ఆ తర్వాత యాప్‌లు దిగాయి. 2009లో వాట్సాప్, 2010లో కకావో టాక్, 2011లో వీచాట్, లైన్, ఐమెసేజ్. ఒక్క 2012లోనే వీటి వల్ల ఆపరేటర్లకు పోయిన ఎస్సెమ్మెస్ రాబడి 2,300 కోట్ల డాలర్లని ఓవమ్ అనే పరిశోధన సంస్థ అంచనా కట్టింది. ఒక్క టవర్ కట్టలేదు, ఒక్క మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్ కొనలేదు. మా నెట్‌వర్క్ మీదే కూర్చుని మా కస్టమర్‌నే ఎత్తుకుపోయారు. దీన్ని కాజేయడం అనకపోతే ఏమంటావు?

మేనకోడలు: కాజేశారంటే ఆ డబ్బు వాళ్ల దగ్గర కనపడాలి కదా మామయ్యా. 2014లో ఫేస్‌బుక్ కొన్నాక వాట్సాప్ లెక్కలు బయటికొచ్చాయి. 2013 మొత్తానికి దాని రాబడి కోటీ రెండు లక్షల డాలర్లు. నష్టం 13 కోట్ల 80 లక్షల డాలర్లు. ఆ ఏడాది చివరికి 40 కోట్ల మంది వాడుతున్న యాప్ అది! మీ 2,300 కోట్ల పక్కన ఆ కోటిని పెట్టి చూడండి.

మామయ్య: 1,900 కోట్ల డాలర్లకు అమ్ముకున్నారుగా. అది డబ్బు కాదా?

మేనకోడలు: డబ్బే. ఇచ్చింది ఫేస్‌బుక్. మెసేజ్ పంపినవాడి జేబులోంచి రాలేదు. ఏడాదికి ఒక డాలరు తీసుకుందామనుకున్న చందా కూడా 2016లో ఎత్తేశారు. మీ దగ్గర తగ్గిన సొమ్ము యాప్‌ల ఖాతాలో తేలలేదు, పంపేవాళ్ల దగ్గరే మిగిలింది. దొంగతనం జరిగిందంటున్నారు, సొత్తు మాత్రం ఇంటివాళ్ల జేబులోనే ఉంది.

మామయ్య: ఎవరి జేబులో ఉంటే నాకేం? మాకు పోయిందా లేదా?

మేనకోడలు: పోయింది. ఎంత పోయిందన్నదే ప్రశ్న. 2012కి ఇన్‌ఫార్మా అనే సంస్థ ఇచ్చిన అంకెలు చూడండి. రోజుకు చాట్ యాప్‌లలో 1,900 కోట్ల మెసేజ్‌లు, ఎస్సెమ్మెస్‌లు 1,760 కోట్లు. యాప్‌లు దాటిపోయాయని అప్పట్లో హెడ్డింగులు పెట్టారు. కానీ అదే లెక్కలో ఎస్సెమ్మెస్ పంపేవాళ్లు 350 కోట్ల మంది, యాప్ వాడేవాళ్లు 60 కోట్లకు లోపు. అంటే ఎస్సెమ్మెస్ మనిషి రోజుకు ఐదు పంపుతుంటే యాప్ మనిషి ముప్పైకి పైగా పంపుతున్నాడు. ఆ ముప్పైలో "సరే", "ఆ", "ఎక్కడున్నావ్", ఒక బొమ్మ, రెండు నవ్వు ముఖాలు. ఒక్కోదానికి డబ్బు కట్టమంటే అవి పుట్టేవే కావు. పుట్టని మెసేజ్‌కు నష్టం ఎలా రాసుకుంటారు?

మామయ్య: ముప్పై వదిలెయ్. ఆ ఐదైనా మావే కదా. అవీ పోయాయి.

మేనకోడలు: ఆ ఐదు మీవే, ఒప్పుకుంటా. అసలు వాటికి అంత ధర ఎందుకు పెట్టారో మీరు చెప్పండి. ఎస్సెమ్మెస్ అంటే 140 బైట్లు. కాల్ వస్తే ఫోన్ మోగించడానికి, ఫోన్ ఏ టవర్ కింద ఉందో కనుక్కోవడానికి సిగ్నలింగ్ చానల్ ఎలాగూ నడుస్తూ ఉంటుంది. దాంట్లో మిగిలిన ఖాళీలో ఎక్కించి పంపారు.

మామయ్య: ఎలాగూ వెళ్లే బస్సులో ఖాళీ సీటు అంటావు. అయితే ఆ సీట్లో కూర్చున్నవాడు టికెట్ కొనక్కర్లేదా? బస్సు కొన్నదెవరు, డీజిల్ పోసిందెవరు? పైగా ఎప్పుడూ ఖాళీ అనుకోకు. డిసెంబర్ 31 అర్ధరాత్రి మా ఆఫీసులో టెన్షన్ నీకేం తెలుసు? సిగ్నలింగ్ చానల్ నిండిపోయి కాల్స్ కూడా కలిసేవి కావు. మెసేజ్‌లు దాచి పంపే సెంటర్లు, అంటే ఎస్సెమ్మెస్‌సీలు, ఆ ఒక్క రాత్రి తట్టుకోవడం కోసం పెద్దవి కొనేవాళ్లం.

మేనకోడలు: టికెట్ వద్దనలేదు మామయ్యా. రేటు అడుగుతున్నా. 2008లో లీసెస్టర్ యూనివర్సిటీలో నైజెల్ బానిస్టర్ అనే అంతరిక్ష శాస్త్రవేత్త ఒక లెక్క వేశాడు. ఎస్సెమ్మెస్‌కు 5 పెన్స్ అనుకుంటే మెగాబైట్‌కు 374 పౌండ్లు పడుతుంది. హబుల్ టెలిస్కోప్ నుంచి డేటా భూమికి దించడానికయ్యే ఖర్చు కంటే కనీసం నాలుగు రెట్లు ఎక్కువని తేల్చాడు. అదే ఏడాది అమెరికాలో హెర్బ్ కోల్ అనే సెనేటర్ నాలుగు పెద్ద ఆపరేటర్లకు ఉత్తరం రాశాడు. 2005లో 10 సెంట్లున్న మెసేజ్ మూడేళ్లలో 20 సెంట్లు ఎందుకైందని. అప్పటికి వాట్సాప్ పుట్టలేదు కూడా. యూరోపియన్ యూనియన్ 2009లో రోమింగ్ ఎస్సెమ్మెస్‌కు 11 యూరో సెంట్లు దాటొద్దని గీత గీసింది. యాప్‌లు రాకముందే అందరి కళ్లూ ఆ ధర మీద పడ్డాయి.

మామయ్య: ఆ విడి మెసేజ్ రేటు బోర్డు మీద రేటు. చాలామంది నెలవారీ ప్యాక్‌లో ఉండేవాళ్లు. వాళ్లకు ఒక్కో మెసేజ్ పడింది చాలా తక్కువ.

మేనకోడలు: ప్యాక్ కొనేలా చేయడానికే బోర్డు మీద రేటు పెంచారని అంటే?

మామయ్య: (నవ్వి) దానికి నేను జవాబు చెప్పను.

(చార్జీల విభాగంలో పనిచేసినవాడు చెప్పకపోవడం కూడా జవాబే. కానీ అతని తర్వాతి మాటలో బరువుంది.)

మామయ్య: నువ్వు ఒక్కో సర్వీసునూ విడిగా తూకం వేస్తున్నావు. నెట్‌వర్క్ అలా నడవదు. 2000 సంవత్సరంలో 3జీ లైసెన్సుల వేలం గుర్తు చేసుకో. బ్రిటన్ ఐదు లైసెన్సులు అమ్మి 2,200 కోట్ల పౌండ్లకు పైగా రాబట్టింది. జర్మనీలో దాదాపు 5,000 కోట్ల యూరోలు. ఆ అప్పు ఎవరు తీర్చాలి? కాల్ రేట్లు పోటీ వల్ల ఏటా తగ్గుతున్నాయి. డేటా వాడేవాడు అప్పటికింకా లేడు. ఎస్సెమ్మెస్‌లో వచ్చిన మిగులే మిగతావాటి లోటు పూడ్చింది. ఒకచోట ఎక్కువ తీసుకున్నాం కాబట్టే ఇంకోచోట తక్కువకు ఇవ్వగలిగాం. ఆ ఎక్కువ ఉన్న చోటనే యాప్ వచ్చి పడింది. లోటున్న చోటికి ఎవరూ రాలేదే? టవర్ కడతామని, అత్యవసర నంబర్లకు కాల్ కలుపుతామని, దర్యాప్తు సంస్థలు అడిగితే వివరాలిచ్చే బాధ్యత మోస్తామని ఏ యాప్ ముందుకొచ్చింది?

మేనకోడలు: ఇది మీ అసలు వాదన. బలమైందే. కానీ ఇందులోనే మీ తప్పు కూడా ఉంది. ఖర్చుకూ ధరకూ ఎక్కడ ఎక్కువ ఎడం ఉంటే అక్కడికి ఎవడో ఒకడు వస్తాడు. వచ్చాక మీరేం చేశారు? కేపీఎన్ కథ తీసుకోండి.

మామయ్య: తెలుసు. చెప్పు, వినేవాళ్లకు తెలియదుగా.

మేనకోడలు: కేపీఎన్ నెదర్లాండ్స్‌లో పెద్ద ఆపరేటర్. యువత కోసం 'హై' అనే బ్రాండ్ నడిపేది. 2010 ఆగస్టులో ఆ బ్రాండ్ కస్టమర్లలో వాట్సాప్ వాడేవాళ్లు లేనట్టే. 2011 ఏప్రిల్‌కల్లా ఆండ్రాయిడ్ ఫోనున్నవాళ్లలో 85 శాతం వాడుతున్నారు. ఏడాది కూడా పట్టలేదు. ఎస్సెమ్మెస్ రాబడి కళ్లముందే జారిపోయింది. అప్పుడు వాళ్లకు రెండు దారులున్నాయి. ఎస్సెమ్మెస్ ధర తగ్గించి డేటా ధరను అసలు ఖర్చుకు దగ్గరగా తేవడం ఒకటి. వాట్సాప్ లాంటి యాప్‌లు వాడితే విడిగా చార్జీ వేయడం రెండోది. రెండోది ఎంచుకున్నారు. ఎవరు ఏ యాప్ వాడుతున్నారో తెలియాలంటే కస్టమర్ పంపే డేటాలోకి తొంగిచూడాలి. దాన్ని డీప్ ప్యాకెట్ ఇన్‌స్పెక్షన్ అంటారు. అది వాడుతున్నామని ఇన్వెస్టర్ల మీటింగులో వాళ్లే చెప్పుకున్నారు. దేశమంతా గగ్గోలైంది. రెండు నెలలు తిరక్కుండానే డచ్ పార్లమెంటు దిగువ సభ నెట్ న్యూట్రాలిటీకి, అంటే ఏ యాప్ డేటానైనా ఒకేలా చూడాలన్న నియమానికి, ఓటేసింది. 2012 మేలో సెనేట్ కూడా ఆమోదించింది. యూరప్‌లో అలాంటి చట్టం అదే మొదటిది. ప్రపంచంలో చిలీ తర్వాత రెండోది.

మామయ్య: కేపీఎన్ చేసింది తెలివితక్కువ పని. పద్ధతి తప్పు. అడిగింది మాత్రం తప్పు కాదు.

మేనకోడలు: పద్ధతి వేరు, అడిగింది వేరు ఎలా అవుతాయి? యాప్‌కు విడి చార్జీ వేయాలంటే తొంగిచూడకుండా కుదరదు. ఆ ఒక్క సర్వీసు ఆదాయం కాపాడుకోబోయి డేటాను ఇష్టమొచ్చిన ముక్కలు చేసి అమ్ముకునే హక్కే పోగొట్టుకున్నారు. ఎస్సెమ్మెస్ తగ్గడం కంటే అది పెద్ద నష్టమని నా లెక్క.

మామయ్య: అందరూ అలా చేయలేదు. జర్మనీలో ఈ-ప్లస్ అనే ఆపరేటర్ 2014లో ఏకంగా వాట్సాప్ పేరుతోనే సిమ్ అమ్మింది.

మేనకోడలు: అదే నేను చెప్పేది. యాప్ ఉండబట్టే డేటా ప్యాక్ కొన్నవాళ్లు ఎంతమంది! స్మార్ట్‌ఫోన్ కొనడానికే అది కారణమైన ఇళ్లున్నాయి. ఒక చేత్తో పోయింది, ఇంకో చేత్తో వచ్చింది.

మామయ్య: ఇక్కడ నువ్వు తొందరపడుతున్నావు అమ్మాయ్. యాప్‌లో "సరే" అని పంపితే ఎంత డేటా ఖర్చవుతుంది? లెక్కలోకే రాదు. డేటా ప్యాక్‌ను ఖర్చు చేసేది వీడియో. మెసేజ్ కాదు. వీడియో మోయడానికి మేం మళ్లీ స్పెక్ట్రమ్ కొనాలి, టవర్లు పెంచాలి. ఎస్సెమ్మెస్ రూపాయిలో తొంభై పైసలు మిగిలితే డేటా రూపాయిలో అంత మిగలదు. రాబడి అంకె ఒకటే కావచ్చు, మిగులు ఒకటి కాదు. యాప్‌ల వాళ్లు రాబడి చూపించి ఊరుకుంటారు.

మేనకోడలు: తొంభై పైసలన్నది మాటవరసకేనా, అసలు లెక్కా?

మామయ్య: మాటవరసకే. అసలు లెక్క చెప్తే నీ వాదనే గెలుస్తుంది.

(ఈ రౌండ్ మామయ్యదే. డేటా వచ్చింది కాబట్టి ఎస్సెమ్మెస్ నష్టం చెల్లైపోయిందనే మాట తరచూ వినిపిస్తుంది. మిగులు గురించి మాత్రం అది మాట్లాడదు.)

మామయ్య: ఇంకో మాట. నా మెసేజ్ ఏ నెట్‌వర్క్ నుంచి ఏ నెట్‌వర్క్‌కైనా వెళ్తుంది. ఏ ఫోనైనా సరే. నీ యాప్ నుంచి పక్క యాప్‌కు మెసేజ్ పంపి చూపించు. 2023లో యూరోపియన్ యూనియన్ వాట్సాప్‌నీ మెసెంజర్‌నీ గుత్తాధిపత్యమున్న పెద్ద సంస్థల సర్వీసుల జాబితాలో చేర్చి, అడిగిన యాప్‌లకు తలుపు తీయమని చట్టం కింద ఆదేశించాల్సొచ్చింది. మేం ఎవరూ చెప్పకుండానే చేశాం.

మేనకోడలు: ఎవరూ చెప్పకుండానా? బ్రిటన్‌లో ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కు ఎస్సెమ్మెస్ పోవడం 1999లో మొదలైంది. మొదటి మెసేజ్‌కు ఏడేళ్ల తర్వాత. జపాన్‌లో ఆపరేటర్ల మధ్య ఎస్సెమ్మెస్ కలిసింది 2011 జులైలో. లైన్ యాప్ అక్కడ విడుదలైంది అదే ఏడాది జూన్‌లో. గోడలు కట్టడం మీకూ వచ్చు మామయ్యా. ఇంక మన లిపి సంగతి కూడా చెప్పనా? ఇంగ్లిష్‌లో రాస్తే 160 అక్షరాలు. తెలుగులో రాస్తే 70. అందులోనూ ఒత్తు, గుణింతం దేనికది విడిగా లెక్క. నాలుగు ముక్కలు రాస్తే మూడు మెసేజ్‌ల చార్జీ.

మామయ్య: అది స్టాండర్డ్ అలా ఉంది. మేం పెట్టింది కాదు.

మేనకోడలు: మార్చడానికి మీకు ఇరవై ఏళ్లు టైముంది. ఎస్సెమ్మెస్ స్థానంలో చాట్ యాప్ లాంటి సౌకర్యాలు తెచ్చే ఆర్‌సీఎస్ అనే కొత్త పద్ధతిని 2008లోనే ఆపరేటర్ల సంఘం జీఎస్ఎమ్ఏ తలకెత్తుకుంది. 2012లో జాయిన్ అని పేరు పెట్టారు. ఏమైంది?

మామయ్య: కమిటీలైంది. ఒక్కో మెసేజ్‌కు చార్జీ వేయాలా వద్దా అన్న దగ్గరే ఏళ్లు గడిచాయి.

మేనకోడలు: చివరికి 2015లో గూగుల్ జైబ్ అనే కంపెనీని కొని తనే నడిపించింది. యాపిల్ 2024లో ఐఓఎస్ 18తో గానీ తీసుకోలేదు. ఆపరేటర్ల ఆయుధం ఆపరేటర్ల చేతుల్లో లేదు.

మామయ్య: సరే, గతం వదిలెయ్. నీ జీతం ఎక్కడి నుంచి వస్తోంది?

మేనకోడలు: ఓటీపీల నుంచి.

మామయ్య: ఓటీపీ దేని మీద వెళ్తోంది? ఎస్సెమ్మెస్ మీద. మనుషులు మనుషులకు పంపడం తగ్గింది, కంపెనీలు మనుషులకు పంపడం పెరిగింది. బ్యాంకు, టికెట్, డెలివరీ, అన్నీ. నీ యాప్‌ల వాళ్లే కొత్త మనిషి చేరాలంటే ముందు మా ఎస్సెమ్మెస్ పంపి నంబర్ సరిచూసుకుంటారు. మమ్మల్ని చంపామన్నవాళ్లే మా గుమ్మం దగ్గర లైన్లో నిలబడ్డారు.

మేనకోడలు: నిలబడ్డాం. ఎంత కడుతున్నామో వినండి. సిగ్నల్ యాప్‌ది లాభాపేక్ష లేని సంస్థ. 2023 నవంబర్‌లో తన ఖర్చుల పట్టిక బయటపెట్టింది. సర్వర్లకు ఏటా 29 లక్షల డాలర్లు. బ్యాండ్‌విడ్త్‌కు 28 లక్షలు. కొత్తగా చేరేవాళ్ల నంబర్ సరిచూడటానికి ఎస్సెమ్మెస్‌లు, కాల్స్‌కు 60 లక్షలు. సర్వర్లు, బ్యాండ్‌విడ్త్ రెండూ కలిపినదాని కంటే ఆరంకెల కోడ్ పంపే ఖర్చు ఎక్కువ. టెలిగ్రామ్ 2024లో ఈ ఖర్చు తగ్గించుకోవడానికి యూజర్ల ఫోన్ల నుంచే వేరేవాళ్లకు కోడ్‌లు పంపించి, బదులుగా ప్రీమియం చందా ఇస్తానంది. అంత దూరం వెళ్లారంటే రేటు ఎలా ఉందో చూడండి.

మామయ్య: అవసరం ఉన్నవాడు కడతాడు. ధర ఖర్చును బట్టి కాదు, అవసరాన్ని బట్టి.

మేనకోడలు: నకిలీ ఓటీపీల సంగతి? అడక్కుండానే వేలకొద్దీ నంబర్లకు కోడ్‌లు పంపించి ఆ చార్జీలో వాటా తినే ముఠాలున్నాయి. ఏడాదికి 6 కోట్ల డాలర్లు ఇలా పోతున్నాయని ట్విటర్ యజమాని మస్క్ ఆరోపించాడు. 2023 మార్చి నుంచి చందా కట్టనివాళ్లకు ఎస్సెమ్మెస్ కోడ్ ఆపేశారు.

మామయ్య: ఆ ముఠాలు మధ్యవర్తులు. ఆపరేటర్లు కాదు.

మేనకోడలు: చార్జీ మాత్రం ఆపరేటర్ మీటర్ మీదే పడింది. భద్రత కూడా అంతంతే. 2017లో జర్మనీలో, ఆపరేటర్ల నెట్‌వర్క్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఎస్ఎస్7 అనే పద్ధతిలో లోపం పట్టుకుని దొంగలు ఓటీపీలు దారి మళ్లించి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేశారు. అక్కడి ఆపరేటర్ ఓటూ-టెలిఫోనికా ఆ సంగతి ఒప్పుకుంది. అందుకే కంపెనీలు పాస్‌కీలకు, అంటే కోడ్ లేకుండా ఫోన్ లాక్‌తోనే లాగిన్ అయ్యే పద్ధతికి, సొంత యాప్ నోటిఫికేషన్లకు వెళ్తున్నాయి. ఇంకొన్ని వాట్సాప్‌లోనే ఓటీపీ పంపుతున్నాయి. దానికి వాట్సాప్ కంపెనీల దగ్గర డబ్బు తీసుకుంటుంది.

మామయ్య: ఆగు, ఆగు. వాట్సాప్ డబ్బు తీసుకుంటోందా? అంటే మా సొమ్ము ఇప్పుడు వాళ్ల ఖాతాలో తేలినట్టేగా?

మేనకోడలు: ఈ ఒక్క చోట తేలింది. 2012లో కాదు, ఇప్పుడు. మనుషుల మెసేజ్‌లు పోయినప్పుడు డబ్బు ఆవిరైంది. కంపెనీల మెసేజ్‌లు పోతున్నప్పుడు డబ్బు చేతులు మారుతోంది. దీన్ని కాజేయడం అంటే నేను అడ్డు చెప్పను. కానీ తలుపు బార్లా తీసి పెట్టిందెవరో కూడా చెప్పండి. మీరిప్పుడు మళ్లీ ఆ కుర్చీలో ఉంటే ఓటీపీ రేటు తగ్గిస్తారా?

మామయ్య: తగ్గించను.

మేనకోడలు: ఇంత విన్నాక కూడా?

మామయ్య: ఈ ఏడాది టార్గెట్ ఈ ఏడాదే అందుకోవాలి. పోయేవాడు రేటు తగ్గించినా పోతాడు. ఉండేవాడి దగ్గర ఎందుకు వదులుకోవాలి?

మేనకోడలు: ఉండేవాళ్లు ఎలా ఉంటున్నారో నేను చూస్తున్నాగా. ఇదివరకు ముందు ఎస్సెమ్మెస్ పంపి, అది అందకపోతే వాట్సాప్‌కు పంపమనేవాళ్లు. ఇప్పుడు వరస తిప్పి పెట్టమంటున్నారు. ముందు వాట్సాప్. అక్కడ అందకపోతేనే ఎస్సెమ్మెస్.

మామయ్య: అందనివాటికి మేమే దిక్కన్నమాట. అయితే వాటి రేటు పెంచాలి.